ఫ్లోరైడ్ గ్రాహకాలు

రుణావేశ ఫ్లోరైడ్‌ను ఏరి పట్టుకునే అణువులు. వీటిలో పేరెన్నికగన్నది కాలిక్స్‌[4]పైరోల్. 1886లో రసాయనవేత్త బేయర్ తయారుచేసిన ఈ రకం అణువులు రుణ అయాన్లను బంధిస్తాయని 1996లో సెస్లర్ పరిశోధన బృందం చూపింది. నాలుగు పైరోల్ వలయాలు గిన్నెలా ఒదిగి, తమ నైట్రోజన్-హైడ్రోజన్ కొసలతో ఫ్లోరైడ్‌ను హైడ్రోజన్ బంధాల్లో నిలుపుతాయి. సేంద్రియ ద్రావణుల్లో క్లోరైడ్ మీద వీటికి అంత పట్టు ఉండదు. నీటిలోనే అసలు చిక్కు: ఫ్లోరైడ్‌ను నీటి అణువులు గట్టిగా చుట్టుకుని వదలవు.

కానీ ఫ్లోరైడ్‌ను తీయాల్సింది నీటి నుంచే. నల్లగొండ, మహబూబ్‌నగర్ బోరునీళ్లలోకి అది గ్రానైట్ రాతి నుంచే దిగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లపై గారమచ్చలు, ఆపై ఎముకల వంకర. ఇంతకన్నా క్రూరమైన నీటిబాధ అరుదు. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్లగొండ పద్ధతిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం ముద్దలతో ఫ్లోరైడ్ అడుక్కి చేరుతుంది. ఖర్చు తక్కువే గాని, బురద మిగులుతుంది.