పొగ రుచి చరిత్ర: స్కాచ్ విస్కీలో పీట్ – ఇంధనం నుంచి ఆస్వాదన దాకా

వ్యాససంగ్రహం

కొన్ని స్కాచ్ విస్కీలలో కనిపించే పొగ రుచిని స్కాట్లాండ్ సనాతన లక్షణంగా భావించడం పరిపాటి. ఆ రుచి మొదట పీట్ అనే ఇంధనం విడిచిన జాడ అనీ, బొగ్గు అందుబాటులోకి వచ్చాక అది తయారీదారుల ఎంపికగా మారిందనీ, 20వ శతాబ్దం చివరి దశకాల్లో రుచి పదజాలం స్థిరపడుతున్న క్రమంలోనే విస్తృత ఆదరణ పొందిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఐలా ద్వీపాన్ని ప్రధాన ఉదాహరణగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: పీట్, మాల్ట్, ఐలా ద్వీపం, ఫినాల్, ఆస్వాదన, రుచి పదజాలం

1. ఉపోద్ఘాతం

ఆహార పానీయాల చరిత్రలో రుచిని పునర్నిర్మించడం కష్టమైన పని. పన్నుల లెక్కలు, చట్టాలు, కట్టడాలు మిగులుతాయి. నాటివారి నాలుకకు తెలిసినది మిగలదు. తయారీ పద్ధతి, వాడిన ఇంధనం, వర్ణించిన మాటలు – ఈ మూడింటి ఆధారంగానే గతకాలపు రుచిని ఊహించవలసి ఉంటుంది. స్కాచ్ విస్కీలోని పొగ రుచి ఇటువంటి పరిశీలనకు అనువైనది. తారు, అయొడిన్, సముద్రపు నాచు, ఆరిన నెగడు – వీటిని గుర్తుకు తెచ్చే ఈ రుచి తొలి పరిచయంలో చాలామందికి నచ్చదు. అలవాటుపడినవారు దానినే వెతుక్కుంటారు. ఒకే లక్షణం ఒకరికి దోషంగా, మరొకరికి గుణంగా తోచడానికి వ్యక్తిగత అభిరుచి ఒక్కటే కారణం కాదు; దాని వెనుక ఇంధనం, చట్టం, వ్యాపారం, భాష కలిసి నడిపిన చరిత్ర ఉంది.

2. పీట్: అవసరం తెచ్చిన రుచి

చిత్తడి నేలల్లో నాచు, గడ్డి, పొదలు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పేరుకుపోతే పీట్ ఏర్పడుతుంది. దాని పొర ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. చెట్లు తక్కువగా ఉన్న పడమటి దీవుల్లోనూ, హైలాండ్స్ ప్రాంతంలోనూ దీనిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వాడేవారు. ఇంటిని వెచ్చగా ఉంచిన ఆ మంటే బార్లీనీ ఆరబెట్టింది.

విస్కీ తయారీలో బార్లీని నానబెట్టి మొలకెత్తించి, మొలక ఎక్కువ పెరగకముందే వేడితో ఆరబెడతారు. ఇలా తయారైనదే మాల్ట్. గింజ తడిగా ఉన్న తొలి గంటల్లో పొగలోని ఫినాల్ జాతి పదార్థాలు దాని పొట్టుకు బాగా అంటుకుంటాయి. గింజ ఆరినకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. పీట్ తప్ప మరో ఇంధనం లేనిచోట పొగ రుచి తప్పనిసరి. దానిని ఎవరూ ప్రత్యేకంగా కోరుకోనక్కరలేదు.

స్కాట్లాండ్‌లో స్వేదనానికి తొలి లిఖిత ఆధారంగా చెప్పే 1494 నాటి రాజకోశపు పద్దులో, జాన్ కోర్ అనే మతగురువుకు ‘ఆక్వా విటే’ తయారీకై 8 బోళ్ల మాల్ట్ ఇచ్చినట్లు ఉంది. బోల్ అనేది నాటి ధాన్యపు కొలత. ‘ఆక్వా విటే’ అంటే లాటిన్‌లో జీవజలం. అదే అర్థం గల గేలిక్ మాట నుంచి ‘విస్కీ’ పుట్టింది. ఆ పద్దులో ఇంధనం ప్రస్తావన గానీ రుచి ప్రస్తావన గానీ లేదు. సర్వత్రా ఉన్నదానిని ఎవరూ నమోదు చేయరు.

3. చట్టం, దొంగసరకు, రుచి భేదం

1644లో స్కాట్లాండ్ పార్లమెంటు మద్యంపై తొలిసారిగా ఎక్సైజు పన్ను విధించింది. 1784 నాటి చట్టం హైలాండ్స్‌కూ లోలాండ్స్‌కూ మధ్య గీత గీసి వేర్వేరు పన్ను విధానాలు పెట్టింది. 1780ల చివరి నుంచి లోలాండ్స్‌లో స్వేదనపాత్ర పరిమాణాన్ని బట్టి లైసెన్సు రుసుము వసూలు చేయడంతో, ఒకే పాత్రలో వీలైనన్ని సార్లు హడావుడిగా దించడం లాభదాయకమైంది. ఆ సరకు నాసిరకమన్న పేరు తెచ్చుకుంది. కొండలోయల్లో చిన్నపాత్రల్లో నిదానంగా దించిన దొంగసరకుకు గిరాకీ పెరిగింది.

1822లో 4వ జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు గ్లెన్‌లివెట్ విస్కీ కావాలన్నాడనీ, తమ ఇంటి నిల్వ నుంచే దానిని పంపారనీ ఎలిజబెత్ గ్రాంట్ తన జ్ఞాపకాల్లో రాసింది. ఆ విస్కీ మెత్తదనాన్నీ, అందులోని దొంగసరకు రుచినీ ఆమె మెచ్చుకుంది. రుచి అనేది ఊరిపేరుతో, తయారీ తీరుతో ముడిపడి గౌరవం పొందడానికి ఇది తొలినాటి సాక్ష్యాల్లో ఒకటి. మరుసటి ఏడు, 1823లో వచ్చిన ఎక్సైజు చట్టం 10 పౌండ్ల లైసెన్సుతో చిన్న తయారీదారులను చట్టం పరిధిలోకి తెచ్చింది. ఐలాలో బోమోర్ 1779 నాటిదిగా చెప్పుకుంటుంది. ఆర్డ్‌బెగ్, లఫ్రోయిగ్ 1815నూ, లగవూలిన్ 1816నూ తమ స్థాపన సంవత్సరాలుగా ప్రకటించుకుంటాయి.

4. ఎంపికగా మారిన పొగ

పొగ చరిత్రలో నిర్ణాయకమైన మలుపు రైలుమార్గం. 1863లో స్పే నదీలోయకు రైలు రావడంతో బొగ్గు, కోక్ చవకగా అందాయి. కోక్ మంటకు పొగ తక్కువ. పీట్‌ను ఎంత కలపాలో, అసలు కలపాలో వద్దో తయారీదారుడే నిర్ణయించగల స్థితి ఏర్పడింది. ఆ ప్రాంతపు విస్కీలు క్రమంగా తేలికదనం వైపు మొగ్గాయి. రైలు లేని ఐలాకు బొగ్గు పడవల్లో రావలసిందే. పీట్ మాత్రం కాళ్లకిందే ఉంది. అక్కడ పాత పద్ధతి బలంగా నిలిచింది. ఇంధనపు తేడా ఈ విధంగా ప్రాంతీయ శైలిగా రూపుదిద్దుకుంది.

ఇదే కాలంలో మిశ్రమ విస్కీ వ్యాపారం పెరిగింది. 1830లో ఈనియస్ కాఫీ పేటెంటు పొందిన నిరంతర స్వేదన యంత్రం తేలికైన ధాన్యపు విస్కీని విస్తారంగా ఉత్పత్తి చేయసాగింది. 1860 నాటి చట్టం పన్ను చెల్లించకముందే మాల్ట్ విస్కీనీ ధాన్యపు విస్కీనీ గోదాములో కలపడానికి అనుమతించింది. అప్పటి నుంచి ఐలా విస్కీకి వంటలో ఇంగువకు ఉన్నటువంటి స్థానం దక్కింది: చిటికెడు చాలు, లేకపోతే లోటు తెలుస్తుంది. లఫ్రోయిగ్ విక్రయ హక్కులు చేజారిన పీటర్ మెకీ, 1908లో లగవూలిన్ ఆవరణలోనే ‘మాల్ట్ మిల్’ అనే చిన్న డిస్టిలరీ కట్టి ఆ రుచిని అనుకరించబోయాడు. లఫ్రోయిగ్ రుచి పట్టుబడలేదు. అయినా ఆ డిస్టిలరీ 1962 దాకా నడిచింది. పొగ రుచి అప్పటికే పోటీపడదగిన వ్యాపార విలువగా మారిందని ఈ ఉదంతం తెలుపుతుంది.

మిశ్రమంపై ఆధారపడడంలో ప్రమాదమూ ఉంది. 1980ల ఆరంభంలో విస్కీ నిల్వలు గిరాకీని మించిపోగా 1981లో ఆర్డ్‌బెగ్, 1983లో పోర్ట్ ఎలెన్ మూతపడ్డాయి. నేడు అపురూపంగా చెప్పుకునే రుచి అప్పుడు అమ్ముడుపోని మిగులు.

5. ఆస్వాదనకు భాష

విస్కీని విమర్శకుడి దృష్టితో పరిశీలించిన తొలి గ్రంథాల్లో ఈనియస్ మెక్‌డొనాల్డ్ అనే కలంపేరుతో 1930లో వచ్చిన ‘విస్కీ’ ముఖ్యమైనది. 1963 నుంచి గ్లెన్‌ఫిడిక్ ఒకే డిస్టిలరీ మాల్ట్‌ను విదేశీ విపణికి పరిచయం చేసింది. 1979లో స్కాట్లాండ్ పరిశోధకులు విస్కీ వాసనలను వర్గీకరించి రుచిచక్రాన్ని రూపొందించారు. పొగ, ఔషధం వంటి వాసనలకు అందులో నిర్దిష్ట స్థానం లభించింది. 1980ల చివర మైకేల్ జాక్సన్ గ్రంథాలు ఈ పదజాలాన్ని సామాన్య పాఠకుడికి చేర్చాయి. 1988లో ‘క్లాసిక్ మాల్ట్స్’ పేరిట వచ్చిన ఆరు విస్కీలలో ఐలా ప్రతినిధిగా 16 ఏళ్ల లగవూలిన్ నిలిచింది. 1997లో గ్లెన్‌మోరంజీ ఆర్డ్‌బెగ్‌ను కొని పునరుద్ధరించింది. పోర్ట్ ఎలెన్ 2024లో తిరిగి తెరుచుకుంది. ‘ఆసుపత్రి వాసన’ అని ముఖం తిప్పుకునే చోట ‘ఔషధ గుణం’ అని పేరుపెట్టి ఆగి చూడడం ఈ పదజాలం నేర్పిన అలవాటు.

6. ఆస్వాదన పద్ధతి, అంకెల పరిమితి

పొగ విస్కీని నడుము ఉబ్బి అంచు సన్నగిల్లిన గ్లాసులో పోసి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూసి, చిన్న గుక్కతో నాలుకంతా తడపడం ప్రచారంలో ఉన్న పద్ధతి. కొద్దిగా నీళ్లు కలపడం లోపమనుకోవడం సరికాదు. పొగవాసనకు ముఖ్యకారణాల్లో ఒకటి గ్వాయకాల్ అనే పదార్థం. స్వీడన్ శాస్త్రవేత్తలు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటరు నమూనాల ద్వారా, ఆల్కహాలు 45 శాతం లేదా అంతకు తక్కువ ఉన్నప్పుడు గ్వాయకాల్ ద్రవోపరితలం దగ్గర చేరుతుందని చూపారు. ఆనవాయితీకి ఇది శాస్త్రీయ సమర్థన.

పొగ తీవ్రతను పది లక్షల్లో ఎన్ని భాగాల ఫినాల్ ఉన్నదో లెక్కగట్టి చెబుతారు. బోమోర్‌కు సుమారు 25, లగవూలిన్‌కు 35, ఆర్డ్‌బెగ్‌కు 55 అని వాడుక. 2017లో వచ్చిన ఒక ఆక్టోమోర్ విస్కీ విషయంలో ఈ అంకె 309.1. అయితే ఇది మాల్ట్‌లోని కొలత, గ్లాసులోని విస్కీది కాదు. నానబెట్టడంలో, స్వేదనంలో, పీపాలో గడిపిన ఏళ్లలో ఫినాల్ బాగా తగ్గుతుంది. ఫినాల్ స్వేదనం చివరి దశలో ఎక్కువగా దిగుతుంది కనుక, ధారను ఎక్కడ ఆపారన్నదే పొగ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. పెద్ద అంకె ఉన్నదే గొప్ప విస్కీ అనుకోవడం రుచిని సంఖ్యకు తాకట్టు పెట్టడమే.

7. తెలుగు అనుభవంతో పోలిక

తెలుగులో పొగ రుచికి మిశ్రమ విలువ ఉంది. అన్నానికి ‘మాడువాసన’, పాలకు ‘పొగవాసన’ దోషాలు. అదే పొగ సాంబ్రాణిదైతే ‘ధూపం’ అవుతుంది. పిడకల దాలిలో నిదానంగా కాగిన పాలు, ఆ పాల మీగడ రుచిని గ్యాసు పొయ్యిలు వచ్చాక ప్రత్యేకంగా తలచుకోవడం ఐలా అనుభవానికి దగ్గరిది. దాలి ఇంటింటా ఉన్నప్పుడు అది పాలు కాగే తీరు. లేనప్పుడు అది రుచి పేరు. ఇంధనం మారిన తరవాతే పాత ఇంధనపు జాడకు విలువ తెలిసివస్తుందని రెండు ఉదాహరణలూ సూచిస్తాయి. భారతదేశంలో బెంగుళూరు అమృత్ సంస్థ ‘ఫ్యూజన్’ విస్కీ కోసం స్కాట్లాండ్ నుంచి పీట్ పొగ పట్టిన బార్లీని తెప్పించి స్వదేశీ బార్లీతో జోడించడం, ఈ జాడ తన నేలను దాటి సరకుగా ప్రయాణిస్తున్నదనడానికి నిదర్శనం.

8. ఉపసంహారం

పొగ రుచి అవసరంగా మొదలై, ఎంపికగా మారి, పదజాలం తోడవడంతో ఆస్వాదనగా స్థిరపడింది. ‘అనాదిగా వస్తున్న రుచి’ అనే వ్యాపార ప్రచారం ఈ మూడు దశలనూ ఒకటిగా చూపుతుంది. నేటి కిల్న్‌లలో పీట్‌కు వేడినిచ్చే బాధ్యత దాదాపు లేదు. వాసన కోసమే దానిని కాలుస్తున్నారు. వాసన కోసమే కాల్చే ఇంధనం ఏడాదికి ఒక మిల్లీమీటరు మాత్రమే పెరిగేది కావడం, ఆ నేలలు వాతావరణంలో చేరకుండా కార్బన్‌ను పట్టి ఉంచేవి కావడం ఈ రుచికి కొత్త నైతిక ప్రశ్నను జోడించాయి. తోటల ఎరువులతో పోలిస్తే విస్కీ వాడే పీట్ తక్కువే. అయినా అవసరం తీరిన తరవాత ఒక రుచి కోసం నేలను ఎంతవరకు తవ్వవచ్చన్నది ఇకపై ఆస్వాదకుడు కూడా ఎదుర్కోవలసిన ప్రశ్న.