ప్రధానానికీ పెండ్లికీ నడుమ: క్రైస్తవ ప్రతీకల్లో యూదుల వివాహాచారం

తెలుగు సంఘాల కూటాలకు వెళ్లేవారికి ఒక ప్రసంగం బాగా పరిచయం. యూదుల పెండ్లికుమారుడు అమ్మాయి ఇంటికి వచ్చి వెల చెల్లిస్తాడు. ఒడంబడిక రాస్తారు, ఇద్దరూ ఒకే పాత్రలోని ద్రాక్షారసం తాగుతారు. తర్వాత అతను తండ్రి ఇంటికి తిరిగి వెళ్లి ఆమె కోసం గది కడతాడు. గది పూర్తయిందని చెప్పవలసింది తండ్రి కాబట్టి పెండ్లి ఎప్పుడో కొడుక్కి కూడా తెలియదు. ఒక అర్ధరాత్రి బూరధ్వనితో వచ్చి ఆమెను తీసుకుపోతాడు, వధూవరులు ఏడు రోజులు గదిలోనే ఉంటారు. ఈ మెట్లలో ప్రతిదానికీ క్రీస్తు సిలువ నుంచో రెండవ రాకడ నుంచో ఒక జత చూపిస్తారు. ఇంత చక్కగా కుదిరిన పోలికను ఎవరూ ప్రశ్నించాలనుకోరు. కానీ ఈ మెట్లలో మొదటి శతాబ్దపు యూదయలో, గలిలయలో ఉన్నవెన్ని, తర్వాతి కాలం నుంచి వచ్చి చేరినవెన్ని అన్నది తేల్చుకోవాలి. నా వాదన ఒక్కటే. వధువు ప్రతీకకు అసలు బలం ప్రధానం అనే చట్టబద్ధమైన స్థితి నుంచి వచ్చింది. గది, బూర, ఏడు రోజులు దానికి ఆధారాలు కావు.

ముందుగా ఆధారాల వయసు చూడాలి. యూదుల వివాహ నియమాలను వరుసగా చెప్పే మొదటి గ్రంథం మిష్నా. అది కూర్పు పొందింది క్రీ.శ. 200 ప్రాంతంలో, అంటే సువార్తల తర్వాత. అందులో పాత ఆచారాలున్నాయి, పండితులు ఆశించిన ఆదర్శాలూ ఉన్నాయి, రెండింటినీ విడదీయడం అన్నిచోట్లా సాధ్యం కాదు. ఈనాటి యూదుల పెండ్లిలో మనకు వెంటనే కనిపించేవి నాలుగు కర్రల పందిరి, ఉంగరం, కాలికింద పగిలే గాజుపాత్ర. బైబిలు కాలంలో హుప్పా అంటే వధూవరుల గది, కర్రల పందిరి మధ్యయుగాల తర్వాతిది. ఉంగరం కూడా మిష్నా తర్వాత వచ్చిందే. ప్రధానాన్నీ పెండ్లినీ ఒకే రోజున జరపడం మధ్యయుగాల్లో స్థిరపడింది. అందుచేత ఈనాటి పందిరిని చూపించి యేసు మాటను వివరించడం చరిత్ర క్రమాన్ని తలకిందులు చేయడమే. ప్రాచీన యూదుల వివాహంపై 2001లో పుస్తకం ప్రచురించిన మైకేల్ సాట్లో ఇంకో హెచ్చరిక చేశారు. ఆ కాలపు యూదుల పెండ్లి చుట్టుపక్కల జాతుల పెండ్లికి చాలా దగ్గరగా ఉండేదనీ, అన్నిచోట్లా ఒకే తీరు లేదనీ ఆయన చూపించారు. మిష్నాకు అనుబంధమైన తొసెఫ్తాలోని ఒక నియమం ఈ మాటను బలపరుస్తుంది. వరుడి పక్షం నుంచి ఒకరిని, వధువు పక్షం నుంచి ఒకరిని స్నేహితులుగా నియమించే అలవాటు యూదయలో ఉండేదనీ, గలిలయలో లేదనీ అది చెబుతుంది. ‘యూదుల ఆచారం’ అని ఏకవచనంలో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఇక ప్రధానం సంగతి. మిష్నా ప్రకారం స్త్రీ మూడు మార్గాల్లో ఒకదానితో పురుషుడికి ప్రధానం అవుతుంది: డబ్బు, పత్రం, సంసర్గం. డబ్బు ఎంత ఉండాలన్నదానిపై షమ్మాయి పక్షం ఒక దీనారమన్నది, హిల్లేలు పక్షం ఒక పెరూటా చాలన్నది. పెరూటా అంటే రాగినాణేలన్నిటిలో చిన్నది. అంత చిన్న నాణెం చేతులు మారితే చాలు, ఆమె చట్టం దృష్టిలో భార్య. విడిపోవాలంటే పరిత్యాగ పత్రం కావాలి. అతను చనిపోతే ఆమె విధవ. అయినా ఆమె ఇంకా తండ్రి ఇంట్లోనే ఉంటుంది, కాపురం మొదలుకాదు. వరుడు అడిగిన నాటి నుంచి కన్యకు సిద్ధపడడానికి పన్నెండు నెలలు, విధవకు ముప్పై రోజులు గడువిచ్చారు. అదే గడువు వరుడికీ వర్తిస్తుంది. గడువు దాటినా పెండ్లి జరగకపోతే ఆమెకు తిండి పెట్టే బాధ్యత అతనిదే.

మత్తయి సువార్త మొదటి అధ్యాయం ఈ నియమం లేకుండా అర్థం కాదు. మరియ, యోసేపు ఇంకా ఏకం కాలేదు. అయినా మత్తయి అతణ్ణి ఆమె భర్త అనే పిలుస్తాడు, అతను రహస్యంగా ఆమెను విడనాడాలని తలుస్తాడు. మన నిశ్చితార్థం లాంటిదైతే మాట వెనక్కి తీసుకుంటే సరిపోయేది, విడనాడడమనే ప్రశ్నే రాదు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం కూడా ప్రధానమైన కన్యను పొరుగువాని భార్యగానే లెక్కిస్తుంది.

పౌలు రెండవ కొరింథీ పత్రిక 11వ అధ్యాయంలో సరిగ్గా ఈ స్థితినే పట్టుకున్నాడు. సంఘాన్ని తాను ఒక్క పురుషునికి ప్రధానం చేశాననీ, పవిత్రమైన కన్యకగా అప్పగించవలసి ఉందనీ అంటాడు. ప్రధానం జరిగిపోయింది, అప్పగింత మిగిలింది. విశ్వాసి ఇప్పటికే క్రీస్తుకు చెందినవాడు, అయినా సంపూర్ణమైన కలయిక ఇంకా ముందుంది. క్రొత్త నిబంధన అంతటా కనిపించే ఈ ఉద్రిక్తతకు ఇంతకన్నా కచ్చితమైన సామాజిక రూపం నాకు మరొకటి కనిపించలేదు. బంధం ఖాయమవుతుందో కాదో అన్న అనుమానం ఈ స్థితిలో లేదు. నిరీక్షణ అంతా కలిసి జీవించడం కోసమే. వేదికల మీద భయం పుట్టించేలా వాడే ప్రతీకలో మూలంగా ఉన్నది భరోసా అన్నమాట.

ఒడంబడిక పత్రం విషయంలో మాత్రం ప్రసంగీకులకు గట్టి ఆధారమే ఉంది. ఈజిప్టులోని ఎలిఫాంటీన్ దీవిలో దొరికిన అరమేయ వివాహ పత్రాలు క్రీ.పూ. 5వ శతాబ్దానివి. మృతసముద్రం దగ్గర నాహల్ హేవెర్ గుహలో 1961లో యిగాయెల్ యాదీన్ బృందానికి బబథా అనే యూదు స్త్రీ దాచుకున్న పత్రాల కట్ట దొరికింది. అందులో రెండో శతాబ్దం తొలి పాదానికి చెందిన ఆమె కెతుబా, అంటే వివాహ పత్రం ఉంది. రెండో భర్త యూదా చనిపోయాక తనకు రావలసిన సొమ్ము కింద ఏన్గెదీలోని అతని ఖర్జూరపు తోటలను ఆమె స్వాధీనం చేసుకుంది. క్రీ.శ. 130లో ఆ తోటల పంటను అమ్మిన లెక్కలు కూడా ఆ కట్టలోనే దొరికాయి. కెతుబా అలంకారపు కాగితం కాదు. అది భర్త ఆస్తి మీద భార్యకున్న హక్కు. షిమోన్ బెన్ షెతాహ్ అనే పండితుడి కాలం నుంచి భర్త తన ఆస్తి మొత్తాన్నీ దానికి పూచీగా రాయవలసి వచ్చిందని తల్మూద్ సంప్రదాయం. క్రీస్తు సంఘం కోసం తన్ను తానే అప్పగించుకున్నాడన్న ఎఫెసీ పత్రిక వాక్యాన్ని ఈ నేపథ్యంలో చదివితే, అది ఆస్తిని దాటి ప్రాణాన్నే పూచీగా పెట్టడంగా వినిపిస్తుంది. పౌలు పరంపరకు కెతుబా మనసులో ఉందని నేననడం లేదు. ఆ సమాజంలో పెరిగిన శ్రోతకు ఆ తేడా తెలిసేదని మాత్రం అనగలను.

గది కట్టడం గురించిన మాట పూర్తిగా కల్పన కాదు. మిష్నాలోని బావా బత్రా ఆరో అధ్యాయంలో కొడుకు కోసం పెండ్లి ఇల్లు కట్టించే ప్రస్తావన ఉంది. దాని కొలత నాలుగు మూరలు వెడల్పు, ఆరు మూరలు పొడవు అని రబ్బీ అకీవా అంటే, అది పశువుల కొట్టమవుతుందని రబ్బీ ఇష్మాయేలు ఒప్పుకోలేదు. ఆరడుగులు, తొమ్మిదడుగుల చోటు. కొత్త జంటల జీవితం ఎంత ఇరుకులో మొదలయ్యేదో ఈ తగవే చెబుతుంది. అయితే ఇక్కడ కట్టించేది తండ్రి. పైగా తండ్రి ఇంట్లో స్థలం సిద్ధపరచడానికి వెళుతున్నానని యేసు చెప్పే యోహాను 14వ అధ్యాయంలో పెండ్లి ప్రస్తావనే లేదు. అదే సువార్త రెండో అధ్యాయంలో యేసు తండ్రి ఇల్లని పిలిచింది దేవాలయాన్ని. గది కట్టే వరుణ్ణి అక్కడ చూడడం భక్తుల ఊహగా అందమైనదే కానీ, దాన్ని యూదుల ఆచారమని చెప్పి నిరూపణగా వాడడం తగదు.

పెండ్లి రోజు ఎవరికీ తెలియదన్నది ఇంకా బలహీనమైన మాట. మిష్నాలోని కెతుబోత్ భాగపు మొదటి వాక్యమే కన్యకు బుధవారం, విధవకు గురువారం పెండ్లి అని నిర్ణయిస్తుంది. న్యాయసభలు సోమ, గురువారాల్లో కూర్చునేవి కాబట్టి, వరుడికి ఫిర్యాదు ఉంటే మర్నాడే వెళ్లేందుకు కన్య విషయంలో ఈ ఏర్పాటు అని కారణం కూడా చెబుతుంది. ఇక పదిమంది కన్యకల ఉపమానాన్ని నిదానంగా చదవండి. ఆ రాత్రి పెండ్లి అని పదిమందికీ తెలుసు, అందుకే దివిటీలు పట్టుకుని బయలుదేరారు. వాళ్లకు తెలియనిది గడియ మాత్రమే, ఎందుకంటే పెండ్లికుమారుడు ఆలస్యం చేశాడు. బుద్ధిగలవారు కూడా కునికి నిద్రపోయారు, ఆ నిద్రకు వాళ్లను ఎవరూ తప్పుపట్టలేదు. తేడా అంతా సిద్దెల్లోని నూనెలో ఉంది. ఉపమానం భారమంతా ఆలస్యం మీద పడుతుంది. రాక ఆలస్యమవుతున్నదని బాధపడుతున్న తొలితరం సంఘానికి మత్తయి ఈ కథను ఎందుకు భద్రపరిచాడో అప్పుడు అర్థమవుతుంది. మక్కబీయుల మొదటి గ్రంథం తొమ్మిదో అధ్యాయంలోనూ ఒక ఊరేగింపు ఉంది. వధువును పెద్ద పరివారంతో తీసుకువస్తుంటే, వరుడు స్నేహితులతో తంబురలు వాయించుకుంటూ ఎదురు వెళ్లాడు. అది యూదుల పెండ్లి కాదు, అయినా యూదు రచయితకు పరిచయమైన దృశ్యం. అక్కడ తంబురలున్నాయి గానీ బూర లేదు. బూరా పెండ్లిగదీ ఒకేచోట కనిపించేది యోవేలు రెండో అధ్యాయంలో. అక్కడ ఉపవాసం ప్రకటించడానికి బూర ఊది, వధూవరులను గది విడిచి రమ్మంటారు. క్రీస్తు రాకను చెప్పే థెస్సలొనీక పత్రికలోని బూరకు మూలం వెతకవలసింది, బూరధ్వని మధ్య దేవుడు దిగివచ్చిన సీనాయి దగ్గర.

ఏడు రోజుల విందుకు లేయా, సమ్సోను కథలు సాక్ష్యం. వాటిని ఏడేండ్ల శ్రమకాలంతో జతచేయడం మాత్రం 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ బోధించిన కాలవిభజన పద్ధతి తర్వాతి మాట. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు ఆ పద్ధతిని దూరదూరాలకు చేర్చింది. డార్బీ నాయకుడిగా ఉన్న బ్రదరెన్ ఉద్యమం తెలుగు నేలకు త్వరగానే చేరింది. విలియం బౌడెన్, జార్జ్ బీర్ 1836లో వచ్చి, తర్వాత గోదావరి డెల్టాలో పనిచేశారు.

ఈ లెక్కలన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. వధువు ప్రతీక క్రైస్తవులు కనిపెట్టింది కాదు. హోషేయ, యిర్మీయా, యెషయా, యెహెజ్కేలు దాన్ని ఇశ్రాయేలు గురించి పలికారు. సీనాయి దగ్గర దేవుడు వధువుకు ఎదురువచ్చే వరుడిలా వచ్చాడని మెఖిల్తా అనే వ్యాఖ్యానం చెబుతుంది. 16వ శతాబ్దంలో ఇశ్రాయేల్ నజారా అనే యూదు కవి వారాల పండుగ కోసం దేవుడికీ ఇశ్రాయేలుకూ మధ్య కెతుబానే రచించాడు. ఈనాటికీ భక్తుడైన యూదుడు పనిదినాల ఉదయ ప్రార్థనలో తోలుపట్టీని నడిమివేలికి మూడుసార్లు చుట్టుకుంటూ హోషేయలోని ప్రధానపు వాక్యాలను చదువుతాడు. ఇది సజీవంగా ఉన్న ఆచారం. క్రీస్తు వచ్చాక రద్దయిన నీడగా దాన్ని వర్ణించేవారు ఆ ప్రార్థనను విని ఉండరు. పైగా ఈ ప్రవక్తలందరి దృష్టిలోనూ వధువు ఒక ప్రజ. పరమగీతంలో ఒంటరి ఆత్మను కూడా వధువుగా చూసే దారిని 3వ శతాబ్దంలో ఓరిగెను వెడల్పు చేశాడు. మన భక్తిపాటల్లో వినిపించే ‘నా ప్రియుడు’ ఆ దారిన వచ్చినవాడే.

ప్రకటన గ్రంథం ఈ విషయంలో ప్రవక్తల పక్షానే ఉంది. 19వ అధ్యాయంలో గొర్రెపిల్ల పెండ్లి ప్రకటితమవుతుంది. 21లో వధువును చూపిస్తానన్న దూత ఒక పట్టణాన్ని చూపిస్తాడు. దాని పన్నెండు పునాదుల మీద అపొస్తలుల పేర్లున్నాయి, పన్నెండు గుమ్మాల మీద ఇశ్రాయేలు గోత్రాల పేర్లున్నాయి. ఇశ్రాయేలును తోసిరాజని సంఘమే ఏకైక వధువని బోధించే వ్యాఖ్యానం ఏదైనా, ఆ గుమ్మాల మీది పేర్లకు ముందుగా సమాధానం చెప్పాలి.