జంటపక్షుల చరిత్రము

బోయవాని బాణమునకు క్రౌంచపక్షి కూలుటయు, వాల్మీకి శోకము శ్లోకమగుటయు మనమందఱ మెఱిగిన కథయే. ఆ క్రౌంచ మేదియని పండితులలో భిన్నాభిప్రాయములు కలవు. కొందఱు సారసపక్షి యనిరి. కొన్ని సంస్కృత నిఘంటువులు, ఆంగ్లేయులు కర్ల్యూ యని పిలుచు పక్షియని వ్రాసినవి. క్రిందికి వంగిన సన్నని ముక్కుతో నేలను పొడిచి పురుగుల నేరుకొను పక్షి యిది. ఈ కర్ల్యూలలో అక్కచెల్లెండ్రవంటి రెండు జాతుల చరిత్రమును నేడు మనవి చేసెదను.

మొదటిది అమెరికా ఖండపు ఎస్కిమో కర్ల్యూ. దీనిని 1772లో ఫార్‌స్టర్ పండితుడు శాస్త్రమున కెక్కించెను. రెండవది ఆసియాలోని చిన్న కర్ల్యూ. దీనిని 1841లో గూల్డ్ వర్ణించెను. రెండును రమారమి అడుగు పొడవే. రెండింటిని ఒకే జాతిగా నెంచిన శాస్త్రజ్ఞులును గలరు. రెక్క యెత్తినప్పుడు మొదటిదానికి అడుగున దాల్చినచెక్క వన్నె, రెండవదానికి లేత గోధుమవన్నె కనబడును. పైకి తోచు ముఖ్యభేద మింతే.

గతులు మాత్రము వేఱైనవి. ఎస్కిమో కర్ల్యూ కెనడా ఉత్తరపు చలినేలలపై గ్రుడ్లు పెట్టి, లాబ్రడారు తీరమున పండ్లు మేసి, అట్లాంటిక్ సముద్రము మీదుగా అర్జెంటీనా చేరెడిది. వసంతమున అమెరికా నడిమి మైదానముల మీదుగా మరలుచు, మిడుతలను, వాని గ్రుడ్లను ఏరి తినెడిది. రైతున కింతకంటె మిత్రు డెవడు? అయినను 19వ శతాబ్ది ఉత్తరార్ధమున వేటగాండ్రు వానిని బండ్లకొలది చంపి పట్టణములకు పంపిరి. బండి నిండినచో ఆ రాశిని నేలపై కుమ్మరించి మరల నింపుకొనుటయు గలదు. గాయపడిన తోడిపక్షుల యొద్దకు మంద తిరిగివచ్చెడిది. ఆ మమకారమే వేటగానికి గుఱి చూపెను. ఆ కాలముననే పచ్చికబయళ్లు నాగలిక్రింద పడినవి. అచటి మిడుతజాతియు 1902 తరువాత కానరాలేదు. కెనడా పక్షమున బ్రిటనును, అమెరికాయు 1916లో వలసపక్షుల రక్షణకై ఒప్పందము చేసికొనిరి. అప్పటికి మందలు లేవు. 1963లో బార్బడోస్ దీవిలో ఒక పక్షి తుపాకికి కూలెను. అటుపిమ్మట నిస్సంశయముగా చూచినవారు లేరు.

చిన్న కర్ల్యూ సైబీరియాలో పిల్లలను చేసి, మనకు శీతకాలమగు నెలలను ఉత్తర ఆస్ట్రేలియా పచ్చికలలో గడపును. నేటికిని వేలకొలది కలదు. అది మొదటిదానికంటె తెలివైనదా? కాదు. ఆనాటి అమెరికా సంతవేట వంటిది దాని బాటకు అడ్డు రాలేదు.

పెద్దలారా! చెఱువున చేపను, అడవిని మ్రానును చూచి, ఇవి తఱుగునా యని మనమును పలుమా ఱనుకొందుము. ఆ మైదానములవారును అట్లే యనుకొనియుందురు. లెక్కకందనన్ని యున్ననాడే కాపాడవలెను. లెక్కించుటకు వీలైననాడు ఆలస్యమగును.