517తో మొదలైతే చిత్తూరేనా?

2021లో ఒక ఫారానికి నేను రాసిన వాలిడేషన్ రూల్ గురించి ఈ టపా. జావాస్క్రిప్టులో చుక్క పెట్టి ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోయే చిన్న లైబ్రరీలు మనందరం వాడేవే కదా. నేనూ అలాగే స్ట్రింగ్, ట్రిమ్, పొడవు 6, తప్పనిసరి అంటూ పిన్‌కోడ్‌కి ఒక లైను రాశా. అక్కడితో ఆగి ఉంటే బావుండేది. మదనపల్లె 517325, పుంగనూరు 517247, కుప్పం 517425. మూడూ 517 కదా అని, 517తో మొదలైతే జిల్లా చిత్తూరే అయ్యుండాలని ఇంకో కొక్కెం తగిలించా. టెస్టులన్నీ పాస్. నా తెలివికి నేనే మురిసిపోయా :)

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మదనపల్లె కొత్త అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. పిన్‌లు మాత్రం మారలేదు. మదనపల్లె వాళ్ళు తమ జిల్లా సరిగ్గా రాస్తే, నా ఫారం ఎర్రక్షరాల్లో జిల్లా తప్పు అంది. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి వాళ్ళ జిల్లా ఏదో నేను చెప్తున్నానన్నమాట! కొందరు విసిగిపోయి, అప్లికేషన్ ముందుకెళ్తే చాలని చిత్తూరే ఎంచుకున్నారు. తప్పు డేటా రాకుండా పెట్టిన గేటే తప్పు రాయించింది.

అసలు పిన్ తపాలా శాఖది. శ్రీరాం భికాజీ వేలంకర్ ఆలోచన, 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి మూడంకెలు ఉత్తరాలు విడదీసే సార్టింగ్ జిల్లాని చెప్తాయి, చివరి మూడు పోస్టాఫీసుని. ఆ జిల్లా వేరు, కలెక్టరు గారి జిల్లా వేరు. నేను రెండూ కలిపేశా.

పోనీ కలెక్టరు జిల్లా అయినా స్థిరమా? చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలో, పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటులో ఉండేవి. 1919లో ఠాగూరు మదనపల్లెలో కూర్చుని జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించేనాటికి చిత్తూరు జిల్లాకి ఇంకా ఎనిమిదేళ్ళు నిండలేదు. మదనపల్లెలో ఇల్లు కదలకుండానే ముత్తాతది కడప జిల్లా, తండ్రిది చిత్తూరు, 2022లో పుట్టిన పిల్లది అన్నమయ్య కావచ్చు. ఎవరిదీ తప్పు కాదు.

1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్‌లో జావాస్క్రిప్టు తయారుచేశాక, జనం దానికి అప్పజెప్పిన తొలి పనుల్లో ఫారాలు చెక్ చేయడం ఒకటి. మోడెంల కాలం, ఖాళీ పెట్టె కోసం సర్వర్ దాకా వెళ్ళి రావడం దండగ. పెట్టె నిండిందా, అంకెలు సరిపోయాయా, అంతే దాని పని. జోయ్, జోడ్ లాంటి లైబ్రరీలు వచ్చాక రూలు రాయడం ఎంత సుళువైందంటే, మనకి తెలియని సంగతులక్కూడా రాసేస్తున్నాం.

ఆ కొక్కెం పీకేశా. పిన్‌కి ఆరంకెలు, మొదటిది సున్నా కాకూడదు, చాలు. జిల్లాల పట్టిక సర్వర్‌లోకి మార్చి, ప్రతి వరుసకీ ఎప్పట్నుంచి, ఎప్పటివరకు అని తేదీలు పెట్టా. పుట్టిన ఊరికి పుట్టిన తేదీనాటి జిల్లా, ఇప్పటి చిరునామాకి ఇప్పటి జిల్లా.

విసిగిపోయి చిత్తూరని రాసినవాళ్ళ వరుసలకి మాత్రం ఏ లైబ్రరీ పనికిరాలేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగి మార్చాల్సొచ్చింది.