ఆముదం, అంబాసిడరు, ఒక సన్నని గొట్టం

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి నీటి పంపకం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. బెజవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన నాటినుండీ, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతా, మా ప్రాంతపు సేద్యమంతా కాలువల మీదనే ఆధారపడి ఉన్నది. ఎగువన ఉన్నవాడి చేను ముందు తడుస్తుంది. శివారున ఉన్నవాడు ఆకాశం వంకా కాలువ వంకా మార్చి మార్చి చూస్తాడు. పారే నీటి ధర్మం అది. మూసిన గొట్టంలో బంధించిన ద్రవానికి మరొక ధర్మం ఉన్నది. ఒక చివర ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని చివరలకూ సమానంగా అందుతుంది. అక్కడ శివారు అన్న మాట లేదు.

ఈ సూత్రాన్ని చెప్పినవాడు ఫ్రెంచి పండితుడు పాస్కల్. ద్రవాల సమతౌల్యంపై ఆయన రాసిన గ్రంథం ఆయన మరణించిన మరుసటి ఏడు, 1663లో వెలువడింది. దానిని ఆధారం చేసుకుని ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ద్రవచాలిత ప్రెస్సుకు పేటెంటు పొందాడు. మోటారు బండికి మాత్రం ఈ విద్య ఆలస్యంగా అబ్బింది. తొలినాటి కార్లకు బ్రేకులంటే కడ్డీలూ తీగలే. ఒకవైపు తీగ సాగితే బండి రెండవవైపుకు లాగేది. అమెరికాలో మాల్కమ్ లాకీడ్ 1917లో ద్రవంతో పనిచేసే బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారుతో నాలుగు చక్రాలకూ ఆ ఏర్పాటు అమ్మకానికి వచ్చింది.

చదువరులకు ఆసక్తి కలిగించే సంగతి ఇక్కడ ఒకటున్నది. ఆ గొట్టాలలో తొలినాళ్ళలో పోసిన ద్రవం ఆముదమూ, ఆల్కహాలూ కలిపిన మిశ్రమం. కారణం సులభమే. ఆనాటి వాచర్లు సహజ రబ్బరువి. రాతినూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బి పాడవుతుంది, ఆముదానికి తట్టుకుంటుంది. మన అమ్మమ్మలు తలకు మర్దనా చేసి, కడుపులు శుభ్రం చేయడానికి పట్టించిన నూనెకు పరాయి దేశాల రోడ్ల మీద కార్లను ఆపే పని కూడా పడిందన్నమాట.

ఈ విద్యను పరాకాష్ఠకు చేర్చినవారు సిట్రోయెన్ కంపెనీవారు. 1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో వారు చూపిన డీఎస్ అనే కారులో ఉక్కు స్ప్రింగులకు బదులు నత్రజని నింపిన గోళాలు, వాటిలో పల్చని పొరకు అవతలివైపు ఒత్తిడిలో ఉన్న ద్రవం. దానిని రూపొందించిన పాల్ మజేస్ పెద్ద ఇంజనీరింగు డిగ్రీ లేకుండా స్వయంకృషితో పైకి వచ్చినవాడు. బండిని మోయడం, ఆపడం, తిప్పడం అన్నీ ఒకే ద్రవం పని. అక్కడా మొదట పోసింది ఆముదం జాతి ద్రవమే. తరువాత కృత్రిమ ద్రవం వచ్చింది. దానికి గాలిలోని తేమను పీల్చే దుర్గుణం ఉండటంతో గొట్టాలు లోపలినుండి తుప్పు పట్టాయి. చివరకు 1966లో ఆకుపచ్చని ఖనిజ తైలానికి మారారు. ద్రవం మారితే రబ్బరు వాచర్లన్నీ మార్చవలసిందే. ఒకదాని బదులు ఒకటి పోస్తే ఆ బండికి చావే.

మన పల్లెలకు డీఎస్ రాలేదు. వచ్చింది అంబాసిడరు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాగా 1957లో ఉత్తరపాడాలో మొదలై 2014 దాకా తయారైన ఈ బండి గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతాలలో పెళ్ళికొడుకును మోసింది, నాయకుణ్ణి మోసింది, పురుటి నొప్పుల మనిషిని ఆసుపత్రికి మోసింది. వెనుక కమాన్ కట్టలు, ముందు మెలితిరిగే ఉక్కు కడ్డీలు. ద్రవం మీద ఆధారపడిన ముఖ్యాంగం బ్రేకు.

పెదపారుపూడిలో చాలా ఏళ్ళుగా కదలని ఒక పాత అంబాసిడరు కింద దూరి ఆ గొట్టాల దారి మొత్తం గుర్తించే పని ఒకసారి నాకు తగిలింది. సాయం వచ్చిన పెద్ద మెకానిక్ మొదటే చెప్పాడు: "కారే చోట మొదలెట్టకండి అబ్బాయిగారూ, కాలు పెట్టే చోట మొదలెట్టండి." పెడలు నుండి మాస్టర్ సిలిండరు, అక్కడినుండి మూడు దారుల ఇత్తడి కలయిక, ముందు చక్రాలకు రెండు శాఖలు, వెనక్కి ఒకే పొడవాటి ఉక్కు గొట్టం. అది రబ్బరు గొట్టం ద్వారా ఇరుసు మీదికి దిగి, మళ్ళీ రెండుగా చీలుతుంది. సుద్దముక్కతో ఒక్కొక్క బిగింపునూ గుర్తిస్తూ పోయాము. గొట్టం బయటకు కనిపించినంత మేర బాగానే ఉన్నది. క్లిప్పుల కింద, బురదా ఉప్పుగాలీ కలిసి నిలిచిన చోట, గోరుతో గీకితే పొరలుగా రాలింది.

ఆ పాత ఏర్పాటులో నాలుగు చక్రాలకూ ఒకటే వలయం. మనిషి 20 కిలోల బలంతో తొక్కితే, పెడలు దానిని 5 రెట్లు చేసి 100 కిలోలుగా సుమారు 4 చదరపు సెంటీమీటర్ల పిస్టను మీద మోపుతుంది. అంటే గొట్టంలో ప్రతి చదరపు సెంటీమీటరుకూ 25 కిలోలు. ఆ ఒత్తిడికి క్లిప్పు కింద సూదిమొన అంత రంధ్రం పడితే వెనుక చక్రాలే కాదు, నాలుగూ పోతాయి. పాస్కల్ చెప్పిన సమానత్వం నష్టానికీ వర్తిస్తుంది. రెండు విడి వలయాలు తరువాతి కాలపు కార్లలో వచ్చింది ఇందుకే.

రబ్బరు గొట్టాల జబ్బు వేరు. పైకి నిగనిగలాడుతూనే లోపల ఉబ్బుతాయి. తొక్కినప్పుడు ద్రవాన్ని వెళ్ళనిస్తాయి, వదిలాక వెనక్కి రానివ్వవు. చక్రం పట్టేసి వేడెక్కుతుంది. ఇక నేటి బ్రేకు ద్రవమూ తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది నియమం. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. మరిగితే ఆవిరి, ఆవిరి ఉంటే కాలి కింద మెత్తదనమే తప్ప బ్రేకు లేదు. సముద్రానికి ఇంత దగ్గరగా, ఏడాదిలో సగం చెమ్మలో బతికే మనకు ఈ లెక్క అలంకారం కాదు. ఆ బండికి గొట్టాలన్నీ మార్చి, గాలి తీసి, ద్రవం నింపాకే ఊరి రోడ్డు ఎక్కించారు.

చరిత్ర ముడి ఇంకొకటి మిగిలింది. అంబాసిడరు పేరును 2017లో 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సుకు చెందిన ప్యూజో వర్గం కొన్నది. సిట్రోయెన్ కూడా అప్పట్లో ఆ వర్గానిదే. అది 2021లో మన దేశంలో కార్లు అమ్మడం మొదలుపెట్టింది. గోళాల మీద తేలిన బండీ, కమాన్ల మీద ఊగిన బండీ చివరకు ఒకే ఇంటి పేరు కిందికి చేరాయి.

పాత బండ్లు ఇంకా ఇళ్ళలో ఉన్నవారికి ఒక విన్నపం. గొట్టాల దారిని బాగా ఎరిగిన మెకానిక్కులు వృద్ధులవుతున్నారు. వారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ గొట్టం ఎక్కడ వంగుతుందో, ఏ క్లిప్పు కింద దాగుతుందో ఒక కాగితం మీద గీయించి, మార్చిన తేదీ, పోసిన ద్రవం పేరు రాసి బండిలోనే భద్రపరచండి. రేపు ఆ బండిని తొక్కే కాలు మీ మనవడిది కావచ్చు.