మెదడు బొమ్మలో ఎర్ర మచ్చ ఏం చెబుతుంది?

మండపేట నుంచి మాట్లాడుతున్నాను. ఎరుపు, పసుపు మచ్చలున్న మెదడు బొమ్మ మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. అలాంటివి చూపించి పిల్లలకి కోర్సులు అమ్మేవాళ్లూ ఉన్నారు. డబ్బు కట్టేముందు ఆ బొమ్మ కథేంటో చూద్దాం.

అది ఫొటో కాదండీ, లెక్క. రక్తంలో ఆక్సిజన్ మార్పుని ఎమ్మారైతో పట్టొచ్చని 1990లో సెయిజీ ఒగావా బృందం చూపించింది. 1991లో లండన్‌లో కార్ల్ ఫ్రిస్టన్ ఎస్‌పీఎం అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అది మెదడుని వేల చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడికీ విడిగా పరీక్ష పెడుతుంది. ఊరికే ఇంత తేడా రావడం అరుదు అనిపించిన గడికి రంగు పడుతుంది.

ఇక్కడే చిక్కు. మన మండపేటలో 50,000 మంది చేత తలా పదిసార్లు నాణెం ఎగరేయించామనుకోండి. దాదాపు 49 మందికి పదికి పదీ బొమ్మే పడుతుంది. వాళ్ల చేతిలో మహిమేం లేదు. ఎగరేసినవాళ్లు అంతమంది, అంతే.

2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించింది. చేప మెదడులో రంగు మచ్చ వచ్చింది! ఇన్ని పరీక్షలు చేశాం కదా అని లెక్క సరిదిద్దితే మచ్చ మాయం. 2012లో దీనికి ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వుకున్నా, పాఠం మాత్రం గట్టిదే. 2016లో ఆండర్స్ ఎక్లుండ్ బృందం ఇంకో మాట చెప్పింది: పేరున్న సాఫ్ట్‌వేర్లలోనూ కొన్ని పద్ధతుల్లో తప్పుడు ఫలితాలు 70 శాతం దాకా రావచ్చు అని.

అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికీ ఒక హద్దుంటుందని 1945లోనే నిరూపించింది మన తెలుగాయనే, సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, 1941లో కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ నేర్చుకున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

కాబట్టి ఈసారి బొమ్మ వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఎంతమందిని స్కాన్ చేశారు? దేంతో పోల్చారు? అన్ని గడులకీ కలిపి లెక్క సరిదిద్దారా? జవాబు లేకపోతే ఆ రంగుని నమ్మి రూపాయి కూడా కట్టకండి. ఇంకో మాట, డాక్టర్ గారు రాసే మామూలు ఎమ్మారై స్కాన్ వేరు. దాన్ని దీంతో కలపకండి.