మేనల్లుడు దత్తతకు పనికిరాని రోజులు

హిందూ ధర్మశాస్త్రంలో దత్తతకు ఒక విచిత్రమైన నిషేధం ఉండేది. సంతానం లేని ద్విజుడు ముక్కూ మొహం ఎరగని వాడి కొడుకును దత్తు తీసుకోవచ్చు. కళ్ళ ముందు పెరిగిన సొంత అక్క కొడుకును మాత్రం తీసుకోకూడదు. కూతురి కొడుకూ, పినతల్లి కొడుకూ కూడా నిషిద్ధులే. మేనల్లుడు చులకన అని కాదు, మరీ దగ్గరివాడు అని.

ఈ నిషేధానికి ఆధారం శౌనకుడి పేర ప్రచారంలో ఉన్న వచనం. దత్తుడు కన్నకొడుకు నీడలా ఉండాలన్నది దాని సారాంశం. 17వ శతాబ్దపు తొలినాళ్ళలో కాశీలో నంద పండితుడు ‘దత్తక మీమాంస’ రాస్తూ ఆ నీడకు కచ్చితమైన హద్దు గీశాడు. బిడ్డ తల్లి, కన్యగా ఉన్న రోజుల్లో, దత్తు తీసుకునేవాడు పెళ్ళాడదగిన మనిషి అయి ఉండాలన్నాడు. తోబుట్టువు, కూతురు, తల్లి తోబుట్టువు అలా కారు గనుక వాళ్ళ పిల్లలు పనికిరారు. అన్నదమ్ముల కొడుకు మాత్రం అందరికన్నా శ్రేష్ఠుడు. అన్నదమ్ముల్లో ఒకడికి కొడుకు పుడితే అందరూ పుత్రవంతులే అని మనువు అంతకు ముందే చెప్పి ఉన్నాడు.

నంద పండితుడికి ముందు కథ క్లుప్తం. దత్తుడు మనువు లెక్కించిన పన్నెండు రకాల పుత్రులలో ఒకడు. బంధువులను పిలిచి, రాజుకు తెలిపి, ఇంటి నడుమ హోమం చేసి దగ్గరి బంధువు బిడ్డను స్వీకరించాలని, ఒక్కగానొక్క కొడుకును ఇవ్వరాదు, పుచ్చుకోరాదని వసిష్ఠుడు విధించాడు. ధర్మశాస్త్ర వ్యాఖ్యానమైన మితాక్షర ఈ విషయాన్ని కొద్ది మాటల్లో ముగించింది. వందల ఏళ్ళ పాటు దత్తతను నడిపించింది పుస్తకాలకన్నా కులాచారమే.

పుస్తకానికి పెద్దరికం వచ్చింది ఇంగ్లీషు కోర్టులు వచ్చాక. 1821లో సదర్లాండ్ ‘దత్తక మీమాంస’ను, ‘దత్తక చంద్రిక’ను ఇంగ్లీషులోకి తెచ్చాడు. సంస్కృతం రాని న్యాయమూర్తులకు ఆ రెండే ప్రమాణాలయ్యాయి. వీటిలో రెండోదాని పుట్టుకే అనుమానాస్పదం. అది ప్రాచీన గ్రంథం కాదనీ, బెంగాల్‌లో ఒక జమీందారీ వ్యాజ్యం కోసం రఘుమణి విద్యాభూషణుడనే పండితుడు తానే రాసి పాత రచయిత పేరు తగిలించాడనీ చాలామంది పండితులు అనుమానించారు. చివరి శ్లోకంలో పాదాల అంచున ఉన్న అక్షరాలను కూర్చి చదివితే ‘రఘుమణి’ అని వస్తుంది. ఇంతటి సందేహం ఉన్న పుస్తకం ఎన్నో కుటుంబాల ఆస్తులను తేల్చింది.

తెలుగునేల మీద ఈ నిషేధం మరీ అసహజంగా తోస్తుంది. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేవాడు మేనమామ. అలాంటివాడికి మేనల్లుడు కొడుకు కాలేడంటే జనానికి మింగుడుపడదు. దక్షిణాదిన బ్రాహ్మణులు సైతం అక్క కొడుకునూ కూతురి కొడుకునూ దత్తు చేసుకుంటూనే వచ్చారు. 1880ల నడుమ మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ఆ ఆచారాన్ని చెల్లుబాటుగా ఒప్పుకుంది. కోర్టులు శూద్రులుగా లెక్కగట్టిన కులాలకు మొదటినుంచీ ఈ అడ్డు లేదు.

1899లో నాటి చివరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చూడాల్సినవి. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళిన బలుసు వారి వ్యాజ్యంలో, ఒక్కగానొక్క కొడుకును దత్తు ఇవ్వరాదన్న వసిష్ఠ వాక్యం హితవే గాని శాసనం కాదని, జరిగిన దత్తత చెల్లుతుందని తేల్చింది. అదే ఏడు ఉత్తరాది నుంచి వచ్చిన భగవాన్ సింగ్ వ్యాజ్యంలో మాత్రం పినతల్లి, అక్కచెల్లెళ్ళు, కూతురు, వీరి కొడుకుల మీది నిషేధం ద్విజులకు శాసనమేనంది. ఒక ‘వద్దు’ సలహా, ఇంకో ‘వద్దు’ ఆజ్ఞ. లండన్‌లో కూర్చుని గీసిన ఆ గీత సమర్థించుకోదగినది కాదు.

బంధువుల బిడ్డను తీసుకున్నా రాజ్యం దక్కని సందర్భమూ ఉంది. ఝాన్సీ రాజు గంగాధరరావు 1853 నవంబరు 20న తన వంశంలోనే అయిదేళ్ళ ఆనందరావును దత్తు తీసుకుని దామోదరరావు అని పేరు పెట్టాడు. మర్నాడే కన్నుమూశాడు. గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆ దత్తతను రాజ్యం వరకు ఒప్పుకోక 1854లో ఝాన్సీని కలిపేసుకున్నాడు.

దత్తతకు దగ్గరి చుట్టం ఇల్లరికం. రెడ్లలో, కమ్మవారిలో కొడుకులు లేని ఇంటికి వచ్చి సేద్యం భుజాన వేసుకున్న అల్లుడికి కొడుకుతో సమానమైన వాటా దక్కేది. 1881 నాటి మద్రాసు తీర్పు ఆ ఆచారాన్ని గుర్తించింది. దత్తుడిలా కాకుండా ఇల్లరికపుటల్లుడికి పుట్టింటి ఆస్తిలో హక్కు పోదు. శాస్త్రంలోనూ ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉండేది. అన్నదమ్ములిద్దరికీ ఒక్కడే వారసుడైతే, ఇద్దరికీ కొడుకని ఒప్పందం చేసుకుని ద్వ్యాముష్యాయణుడు అనేవారు. వాడు ఇద్దరికీ పిండం పెట్టేవాడు, ఇద్దరి ఆస్తికీ వారసుడయ్యేవాడు. 1956 చట్టంలో ఆ పద్ధతికి చోటు లేకుండా పోయింది. దగ్గరివాళ్ళ మధ్య జరిగే దత్తతలో బిడ్డ ఏ ఇంటినీ నిజంగా వదలడు. దాన్ని ఒప్పుకున్న పద్ధతిని వదులుకోవడం నష్టమే.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం మేనల్లుడి మీది నిషేధాన్ని తుడిచేసింది. ఆడపిల్లనూ దత్తు తీసుకోవచ్చంది. దత్తహోమం తప్పనిసరి కాదంది. కన్నవాళ్ళు బిడ్డను చేతుల్లో పెట్టడం, పెంచుకునేవాళ్ళు అందుకోవడం మాత్రం జరగాల్సిందే. అందుకే ఆ ఘట్టంలో బిడ్డను ఎవరు ఎత్తి ఇచ్చారు, ఎవరి ఒడిలో కూర్చోబెట్టారు, అక్కడ ఎవరెవరున్నారు అని సాక్షులను నేటికీ బోనులో గుచ్చి గుచ్చి అడుగుతారు. ఇచ్చినవాళ్ళ, పుచ్చుకున్నవాళ్ళ సంతకాలతో రిజిస్టరైన దస్తావేజు ఉంటే, కాదని రుజువయ్యేదాకా దత్తత చట్టప్రకారం జరిగినట్టే కోర్టు భావించాలి. బిడ్డకు పదిహేనేళ్ళు నిండకూడదు, పెళ్ళి కాకూడదు. ఆచారం ఉంటే ఈ రెండింటికీ మినహాయింపు ఉంది. పెంచుకునేవారికీ బిడ్డకూ ఆడ, మగ తేడా ఉన్నచోట ఇద్దరి మధ్య 21 ఏళ్ళ అంతరం తప్పదు.

ఈ చట్టం బంధువులను అడ్డుకునే చోటు వేరే ఉంది. కొడుకు గాని, కొడుకు కొడుకు గాని బతికి ఉన్నవాడు ఇంకో మగపిల్లవాడిని దత్తు తీసుకోలేడు. అక్కా బావా ప్రమాదంలో పోతే, ఇంట్లో కొడుకున్న మేనమామ మేనల్లుడిని ఈ దారిలో సొంతం చేసుకోలేడు. ఆసరా అన్నిటికన్నా ఎక్కువ కావాల్సిన బిడ్డకే తలుపు మూసుకుంటుంది.

ఆ తలుపు తెరిచింది 2015 నాటి బాలల న్యాయ చట్టం. ఏ మతస్థులైనా ఈ చట్టం కింద బంధువుల బిడ్డను దత్తు తీసుకోవచ్చు. అంతకు ముందు బంధువుల బిడ్డను పెంచుకునే ముస్లింలకు, క్రైస్తవులకు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద సంరక్షకుడి హోదాయే ప్రధానమైన దారిగా ఉండేది. ‘బంధువు’ అంటే ఎవరో కూడా చట్టం చెప్పింది: తండ్రి వైపు, తల్లి వైపు మామలు, బాబాయిలు, పెదనాన్నలు, అత్తలు, పిన్నులు, పెద్దమ్మలు, తాతలు, అమ్మమ్మ, నానమ్మ. ఒకప్పుడు శాస్త్రం వెలివేసిన మేనమామకు చట్టమే చోటిచ్చింది. అనాథైన తమ్ముడిని పెంచే అన్న మాత్రం ఈ జాబితాలో లేడు. ఇది సవరించాల్సిన లోపం.

బంధువులు కేంద్ర దత్తత సంస్థ కారా పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కన్నవాళ్ళ సమ్మతి, అయిదేళ్ళు నిండిన బిడ్డ సమ్మతి కావాలి. కన్నవాళ్ళు లేకపోతే సంరక్షకుడు బిడ్డను ఇచ్చేందుకు బాలల సంక్షేమ సమితి అనుమతించాలి. బయటి బిడ్డను తీసుకునే దంపతులకు ఉండే వయోపరిమితి బంధువులకు వర్తించదు. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు. రెండు నెలల్లో తేల్చాలని నియమం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన తెలుగు దంపతులు అక్క బిడ్డను తీసుకెళ్ళాలంటే, ఆ దేశపు అధికార సంస్థ ఇచ్చే గృహ అధ్యయన నివేదిక, ఇక్కడి జిల్లా బాలల సంరక్షణ విభాగం రాసే కుటుంబ నేపథ్య నివేదిక, కారా ఇచ్చే నిరభ్యంతర పత్రం కూడా అవసరం.